మైక్రోఆర్ఎన్ఏ మీద పోస్ట్‌డాక్: ఇప్పుడు ఇమ్యూనిటీ, కేన్సర్ వైపు వెళ్ళొచ్చా?

దర్శి_అమ్మాయి:

అందరికీ నమస్తే. మాది ప్రకాశం జిల్లా, దర్శి దగ్గర పల్లెటూరు. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేశాను, వైవా ఒక్కటే మిగిలింది. నా పని క్రిముల్ని మింగే ఇమ్యూన్ కణాలైన మాక్రోఫేజ్‌ల మీద, ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు వాటిలో ఏ జీన్లు ఎప్పుడు లేచి ఎప్పుడు తగ్గుతాయనేది చూశాను.

ఇప్పుడు చేతిలో రెండు ఉన్నాయి. ఒకటి అమెరికాలో పోస్ట్‌డాక్, ఇంటర్వ్యూ అయింది, దాదాపు ఖాయం. అక్కడి టాపిక్, కణితిలోకి వెళ్ళిన, కేన్సర్ కణాల్ని చంపే తెల్ల రక్తకణాలైన టీ సెల్స్‌లో మిర్-155, మిర్-146ఏ అనే మైక్రోఆర్ఎన్ఏలు (జీన్ల నుంచి ప్రోటీన్ తయారీని తగ్గించే చిన్న ఆర్ఎన్ఏలు) ఏం చేస్తున్నాయి అని. రెండోది హైదరాబాదులో ఆర్ఏ (రీసెర్చ్ అసోసియేట్) పోస్టు, నోటి కేన్సర్ పేషెంట్ల రక్తంలో మైక్రోఆర్ఎన్ఏలు చూసి జబ్బుని ముందే పట్టుకోవచ్చా అనే ప్రాజెక్టు. మా నాన్న పొగాకు రైతు. మా వీధిలోనే నోటి కేన్సర్‌తో చెన్నై అడయారు ఆసుపత్రికి ఏళ్ళ తరబడి తిరిగిన వాళ్ళున్నారు, అందుకని రెండోదాని మీద మనసు లాగుతోంది.

నా భయం ఏంటంటే, ఈ ఫీల్డ్ అయిపోయిందని మా ల్యాబ్‌లో సీనియర్లు అంటున్నారు. 1993లో పురుగులో మొదటిది కనిపెట్టారు, 2024లో ఆంబ్రోస్‌కీ రవ్‌కున్‌కీ నోబెల్ కూడా వచ్చేసింది, మందు మాత్రం ఇంతవరకూ ఒక్కటీ రాలేదు, మిర్-34 మందు ట్రయల్ అయితే 2016లో మధ్యలోనే ఆపేశారు, ఇంక అందులో దూకి ఏం చేస్తావు అంటున్నారు. ఇంట్లో వాళ్ళకి ఇంకో టెన్షన్, డాక్టరేట్ అయ్యాక కూడా మళ్ళీ చదువేంటని. ఈ దారిలో వెళ్ళిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి, ప్లీజ్.

పెన్నా_గట్టు:

చెల్లెమ్మా, మాది నెల్లూరు. ఈ ఫీల్డ్‌లోనే పోస్ట్‌డాక్ చేసి ఇప్పుడు హైదరాబాదులో ఆర్ఎన్ఏ మందుల మీద పని చేస్తున్నా.

మీ సీనియర్లు చెప్పిన దాంట్లో కొంత నిజం ఉంది. అయిపోయింది ఏందంటే, ఒక కేన్సర్ తీసుకుని పక్కనున్న మామూలు టిష్యూతో పోల్చి, ఇది పెరిగింది అది తగ్గింది అని పట్టిక వేసి, సెల్ లైన్‌లో మిమిక్ (మైక్రోఆర్ఎన్ఏకి కృత్రిమ నకలు) పోసి, ఒక లూసిఫెరేజ్ ప్రయోగం (అది ఏ జీన్‌కి అతుక్కుంటుందో వెలుగుతో చూసేది) చేసి పేపర్ రాసే పని. అది అయిపోయింది, అయిపోవాలి కూడా. అందులోకి మాత్రం వెళ్ళొద్దు. మిగిలింది అసలు కష్టమైన ప్రశ్న. ఒకే మైక్రోఆర్ఎన్ఏ ఒక కణంలో ఒంటికి మేలు చేసి ఇంకో కణంలో అదే ఒంటిని చంపేదాకా ఎట్టా తెస్తుంది, ఏ టార్గెట్ (అది తగ్గించే జీన్) ద్వారా తెస్తుంది అనేది.

మిర్-155నే తీసుకో. 2006లో ఎలుకల్లో యాంటీబాడీలు చేసే బీ సెల్స్‌లో దీన్ని ఎక్కువ చేస్తే లుకేమియా లాంటి జబ్బు వచ్చింది. సరే, చెడ్డది, దీన్ని ఆపే మందు చేద్దాం అనుకునే లోపే, 2007లో దీన్ని పూర్తిగా తీసేసిన ఎలుకల మీద సైన్స్ పత్రికలో రెండు పేపర్లు ఒకేసారి వచ్చాయి. ఆ ఎలుకల్లో ఇమ్యూనిటీ దెబ్బతింది, యాంటీబాడీలు సరిగ్గా రాలేదు. ఆ తర్వాత తేలింది ఏందంటే సీడీ8 టీ సెల్స్ కణితిని చంపాలంటే వాటికి మిర్-155 కావాలి, సాక్స్1 లాంటి అడ్డంకుల్ని అణిచేది ఇదే. ఇప్పుడు చెప్పు, లింఫోమా (ఇమ్యూన్ కణాల కేన్సర్) పేషెంటుకి మిర్-155ని ఆపే మందు ఇస్తే చెడ్డ బీ సెల్ తగ్గుతుంది, కానీ దాన్ని చంపాల్సిన టీ సెల్ ఏమవుతుంది? నీకొచ్చిన అమెరికా ప్రాజెక్టు కచ్చితంగా ఈ ముడి దగ్గరే ఉంది.

మిర్-146ఏ దీనికి ఎదురు. రెండూ ఎన్ఎఫ్-కప్పాబీ (వాపు జీన్లని లేపే ప్రోటీన్) లేచినప్పుడే పుడతాయి, కానీ 146ఏ తిరిగొచ్చి ట్రాఫ్6, ఐరాక్1 అనే రెండు ప్రోటీన్లని తగ్గించి ఆ సిగ్నల్‌కే బ్రేకు వేస్తుంది. 2006లో డేవిడ్ బాల్టిమోర్ ల్యాబ్ నుంచి వచ్చింది ఆ పేపర్. ఆ బ్రేకు తీసేసిన ఎలుకల్ని ఊరికే పెరగనిస్తే వయసు పైబడే కొద్దీ వాపు తగ్గక, సొంత ఒంటి మీదే దాడి మొదలై, చివరికి మైలాయిడ్ (ఒక రకం తెల్ల రక్తకణాల) కణితులు వచ్చాయి. ఇమ్యూనిటీకీ కేన్సర్‌కీ మధ్య లంకె ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది ఇదే. నువ్వు మాక్రోఫేజ్‌ల మీద పని చేశావు కాబట్టి ఈ సిగ్నల్ అంతా నీకు కొట్టిన పిండి, కొత్తగా నేర్చుకోవాల్సింది టీ సెల్స్, ఎలుకలు.

ల్యాబ్ మంచిదా కాదా తేల్చడానికి ఒక్క సంగతి చూడు, వాళ్ళు టార్గెట్‌ని ఎట్టా రుజువు చేస్తున్నారో. ఒక మైక్రోఆర్ఎన్ఏ ఒక ప్రోటీన్‌ని తగ్గించేది చాలాసార్లు సగం కూడా ఉండదు, 2008లో ప్రోటీన్లని గంపగుత్తగా కొలిచిన పేపర్లు రెండు నేచర్‌లో వచ్చి ఈ సంగతి తేల్చాయి. పైగా ఒక్కోదానికి వందల టార్గెట్లు. కాబట్టి మిమిక్‌ని ఒంట్లో ఎప్పుడూ లేనంత మోతాదులో పోసి, ఏదో ప్రోటీన్ తగ్గిందని చూపిస్తే దానికి విలువ లేదు. అసలైన రుజువు ఏందంటే, మైక్రోఆర్ఎన్ఏని ముట్టుకోకుండా, టార్గెట్ జీన్ చివరి భాగంలో అది అతుక్కునే ఆ చిన్న చోటుని మాత్రమే మార్చిన ఎలుకని తయారు చేయడం. 2008లో ఎయిడ్ అనే ఎంజైమ్ మీద రెండు ల్యాబులు అదే చేశాయి. యాంటీబాడీ జీన్లలో కావాలని మార్పులు తెచ్చే ఎంజైమ్ అది. అందులో మిర్-155 అతుక్కునే చోటు చెడగొడితే ఎయిడ్ పెరిగింది, మిక్ అనే కేన్సర్ జీన్ వెళ్ళి యాంటీబాడీ జీన్‌కి అతుక్కునే ప్రమాదం కూడా పెరిగింది, లింఫోమాలకి అది మొదటి మెట్టు. ఒక్క చోటు మారిస్తే ఇంత అయిందంటే ఇంక వాదన ఉండదు. అప్పట్లో ఆ ఎలుకని తయారు చేయడం పెద్ద యజ్ఞం, ఇప్పుడు క్రిస్పర్ (జీన్‌ని కోసి మార్చే పద్ధతి) వచ్చాక బాగా సులువయింది. నీ ల్యాబ్ వాళ్ళు అటువంటి ఎలుకలు చేస్తున్నారా, లేక 155ని మొత్తం తీసేసిన ఎలుకతోనే నడిపిస్తున్నారా, అడుగు.

గూడూరు_సెల్‌థెరపీ:

నేను కొంచెం వేరేగా చెప్తా, ఏమీ అనుకోవద్దు. టీ సెల్స్, కేన్సర్ మీదే వెళ్ళాలనుకుంటే మైక్రోఆర్ఎన్ఏ పేరుతో ఎందుకు, నేరుగా కార్-టీ (పేషెంటు టీ సెల్స్‌నే మార్చి తిరిగి ఎక్కించే కేన్సర్ చికిత్స) వైపు వెళ్ళమ్మా. మన దేశంలోనే ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి చేసిన నెక్స్‌కార్19కి 2023లో అనుమతి వచ్చింది, పేషెంట్లకి ఎక్కుతోంది. పోస్ట్‌డాక్ అయ్యాక ఉద్యోగం దొరకాలి కదా, మైక్రోఆర్ఎన్ఏ అని రెజ్యూమేలో చూస్తే కంపెనీల వాళ్ళు ఇది చేతికి వచ్చే పనేనా అని చూస్తున్నారు. మిర్-34 ట్రయల్‌లో ఇమ్యూన్ రియాక్షన్లతో నలుగురు పేషెంట్లు పోయారు, చిన్న విషయం కాదు అది.

పెన్నా_గట్టు:

అన్నా, ఆ ట్రయల్ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు, ఒప్పుకుంటా. కానీ అక్కడ దెబ్బ కొట్టింది ఏంది? మిర్-34ఏని లిపిడ్ బుడగల్లో పెట్టి రక్తంలోకి ఎక్కించారు, అది కణితి ఒక్కదానికే కాకుండా ఒళ్ళంతా, ఇమ్యూన్ కణాలకి కూడా చేరింది. మైక్రోఆర్ఎన్ఏ ఇమ్యూన్ కణంలో ఏం చేస్తుందో పూర్తిగా తెలియకుండా మందుగా ఇస్తే ఏమవుతుందో ఆ ట్రయలే చెప్పింది. అందుకే ఈ ఇమ్యూనిటీ పని ఇప్పుడు మరీ అవసరం అంటున్నా నేను.

ఇంక కార్-టీ సంగతి. దానికీ దీనికీ పోటీ లేదు. కార్-టీ సెల్స్ గట్టి కణితుల్లోకి వెళ్ళాక అలిసిపోతున్నాయి, అదే ఇప్పుడు పెద్ద తలనొప్పి. టీ సెల్స్‌లోనే మిర్-155ని పెంచితే కణితి మీద గట్టిగా నిలబడతాయని ఎలుకల్లో చూపించారు. అక్కడ మందుని ఒంట్లోకి ఎక్కించే గొడవే లేదు, కణాన్ని బయటికి తీసి, అందులోనే మార్చి, మళ్ళీ లోపలికి పంపడమే. అంటే ఈ పిల్ల ఆ ల్యాబ్‌లో నేర్చుకునేది రేపు కార్-టీ కంపెనీకి కూడా పనికొస్తుంది. మందులు రాలేదన్న మాట కూడా అలాంటిదే. మైక్రోఆర్ఎన్ఏ మందు ఇంకా రాలేదు, నిజం. కానీ మైక్రోఆర్ఎన్ఏ వాడే ఆర్గోనాట్ ప్రోటీన్‌నే వాడుకునే ఎస్ఐఆర్ఎన్ఏ (ఒక జీన్‌ని ఆపేలా తయారు చేసిన చిన్న ఆర్ఎన్ఏ) మందు 2018లో వచ్చింది, ఆ తర్వాత కొలెస్ట్రాల్‌కి ఇన్‌క్లిసిరాన్ లాంటివి వరసగా వచ్చాయి. మా కంపెనీలో ఇంటర్వ్యూకి వచ్చేవాళ్ళని ఆర్గోనాట్ పని చేసే తీరు గురించి అడుగుతాం, మైక్రోఆర్ఎన్ఏ ల్యాబ్ నుంచి వచ్చిన వాళ్ళు తడుముకోకుండా చెప్తారు. అల్సరేటివ్ కొలైటిస్ అనే పెద్దపేగు వాపు జబ్బుకి మిర్-124ని పెంచే నోటి మాత్ర ఒకటి మూడో దశ ట్రయల్స్ దాకా వచ్చింది, అది కూడా ఇమ్యూనిటీ జబ్బే.

స్లైడ్_గ్లాస్_కావలి:

నేను పాథాలజిస్టుని, సొంతూరు కావలి, పని చేసేది నెల్లూరులో. టీ సెల్స్ గురించి మాట్లాడను, మీ రెండో ఆఫర్ గురించి చెప్తానమ్మా, ఎందుకంటే రక్తంలో మైక్రోఆర్ఎన్ఏ చూసే ప్రాజెక్టుకి శాంపిల్స్ పంపే పని మా దగ్గర జరిగింది, ఎక్కడ చెడిపోతాయో కళ్ళతో చూశాను.

మొదటి సంగతి ఎర్ర రక్తకణాలు. మిర్-16, మిర్-451 వాటిలో కుప్పలుగా ఉంటాయి. వార్డులో నర్సమ్మ హడావిడిలో సన్న సూదితో గట్టిగా లాగినా, ట్యూబుని గట్టిగా ఊపినా, ఎండలో ఆటోలో పంపినా కొన్ని కణాలు పగులుతాయి. సెంట్రిఫ్యూజ్ తిప్పాక పైన తేలే ప్లాస్మా గడ్డి రంగులో ఉండాలి, అది లేత గులాబీ రంగులో కనపడిందంటే అందులో మీరు కొలిచేది కేన్సర్ కాదు, పగిలిన రక్తకణాలు. కంటికి కనపడనంత తక్కువ పగిలినా లెక్క మారిపోతుంది. పాత పేపర్లలో చాలామంది మిర్-16ని మారనిదిగా తీసుకుని మిగతావన్నీ దాంతోనే పోల్చారు, ఒక పేపర్‌కి ఇంకో పేపర్‌కి పొంతన లేకపోవడానికి అదొక కారణం. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసేది) ట్యూబులో తీస్తే పీసీఆర్ (ఆర్ఎన్ఏని కొలిచే పద్ధతి) పనిచేయదు, ఈడీటీఏ ట్యూబే వాడాలి. వినడానికి చిన్న విషయాలే, కానీ ప్రాజెక్టు బతకడం చావడం ఇక్కడే తేలుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. నోటి కేన్సర్‌ని పట్టుకోవడానికి రక్తం అక్కర్లేదమ్మా. నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే తెల్ల మచ్చో, మానని పుండో కనపడుతుంది, బయాప్సీ చేస్తే తేలిపోతుంది. మన పల్లెల్లో జనం ఆలస్యంగా వస్తున్నారంటే కారణం టెస్టు లేక కాదు, నొప్పి పుట్టేదాకా చూపించుకోకపోవడం వల్ల. డాక్టరుకి నిజంగా కావాల్సిన జవాబు వేరే ఉంది. తెల్ల మచ్చ ఉన్న పదిమంది వస్తే, వాళ్ళలో ఎవరి మచ్చ కేన్సర్ అవుతుంది, ఎవరిది అట్లాగే ఉండిపోతుంది? ఆపరేషన్ అయిన మనిషికి మళ్ళీ వస్తుందా? ఇవి చెప్పగలిగే మైక్రోఆర్ఎన్ఏ దొరికితే రేపే వాడతాం. ఆ హైదరాబాద్ ప్రాజెక్టులో మచ్చలున్న వాళ్ళని ఏళ్ళ తరబడి ఫాలో అయ్యే ఏర్పాటు ఉందా అని అడగండి. లేకుండా కేన్సర్ వచ్చేసిన వాళ్ళనీ ఆరోగ్యంగా ఉన్న మెడికల్ స్టూడెంట్లనీ పోలుస్తున్నారంటే ఆ తేడా దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. కంట్రోల్స్ (పోల్చడానికి తీసుకునే జబ్బు లేనివాళ్ళు) అదే ఊళ్ళ నుంచి, అదే వయసులో, చుట్టా ఖైనీ అలవాటున్న వాళ్ళు కావాలి, చిగుళ్ళ వాపు ఎంతుందో కూడా రాసుకోవాలి, ఎందుకంటే మిర్-21 లాంటివి కేన్సర్‌లో పెరిగినట్టే మామూలు వాపులోనూ పెరుగుతాయి.

ఒంగోలు_అక్క:

సైన్స్ సంగతి వాళ్ళు చెప్పారు కాబట్టి నేను డబ్బు, వీసా సంగతి చెప్తాను. నేను పోస్ట్‌డాక్ చేసి తిరిగొచ్చాను, ఇప్పుడు పాఠాలు చెప్పుకుంటున్నాను.

హైదరాబాదులో ఆర్ఏ అంటే 2023 జనవరి నుంచి మొదటి స్థాయికి నెలకి 58,000, పైన ఇంటద్దె. కాగితం మీద బాగానే ఉంటుంది, కానీ ప్రాజెక్టు డబ్బు ఆలస్యమైతే జీతం నెలల తరబడి ఆగుతుంది, ఇది చాలాచోట్ల ఉన్న బాధే. గైడ్‌ని కాదు, అక్కడ ఇప్పుడున్న స్కాలర్లని విడిగా అడుగు, పోయిన ఏడాది డబ్బు ఎప్పుడు పడిందని. అమెరికాలో చాలా ల్యాబులు ఎన్ఐహెచ్ (అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) లెక్కని చూసి ఇస్తాయి, 2024లో అది మొదటి ఏడాదికి 61,008 డాలర్లు. పెద్ద నగరమైతే అందులో ఇంటద్దెకే బోలెడు పోతుంది, ఆ ఊరి అద్దెలు చూసుకుని ఒప్పుకో.

వీసా జే-1 ఇస్తారు ఎక్కువగా. దాంతో వచ్చే రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్న నిబంధన మన వాళ్ళని బాగా ఇబ్బంది పెట్టేది, 2024 డిసెంబరులో ఆ నిబంధన ఏ దేశాలకి పడుతుందో చెప్పే స్కిల్స్ లిస్టులోంచి భారతదేశాన్ని తీసేశారు. అయితే జీతం ప్రభుత్వ డబ్బుతో వస్తే ఆ నిబంధన వేరే కారణంగా ఇంకా పడొచ్చు, జే-1 కోసం అక్కడి సంస్థ ఇచ్చే డీఎస్-2019 కాగితం మీద డబ్బు ఎక్కడిదని రాశారో సంతకం పెట్టే ముందు చదువు. వెళ్ళాక కే99 అనే ఎన్ఐహెచ్ గ్రాంటుకి సిటిజన్ కాకపోయినా అప్లై చేయొచ్చు, పోస్ట్‌డాక్ మొదలైన నాలుగేళ్ళ లోపే పెట్టాలి, కాబట్టి మొదటి ఏడాదే దాని గురించి గైడ్‌తో మాట్లాడు. తిరిగి రావాలనుకుంటే రామలింగస్వామి ఫెలోషిప్ లాంటివి ఉన్నాయి. ఇక్కడే ఉండిపోవాలనుకున్నా ఆర్ఏ ఒక్కటే దారి కాదు, ఇండియా అలయన్స్ వాళ్ళ ఫెలోషిప్పుకి నీ సొంత ఐడియాతో పెట్టొచ్చు.

ఇంట్లో సంగతి. మళ్ళీ చదువేంటని మా ఇంట్లోనూ అన్నారు. ఇది చదువు కాదు, ఉద్యోగం, నెలనెలా జీతం వస్తుంది, ఆఫర్ లెటర్ ఇదిగో అని మా నాన్నకి తెలుగులో చదివి వినిపించాను. అంకె చూశాక కాదు, అందులో ఇన్సూరెన్స్, సెలవులు రాసి ఉన్నాయని విన్నాక స్థిమితపడ్డారు. పెళ్ళి సంగతి ఎత్తుతారు, ఎత్తనివ్వు, నీకు ఎప్పుడు వీలో నువ్వే తేదీతో సహా చెప్పు. తర్వాత చూద్దాం అంటే వాళ్ళు అది ఈ నెలే అనుకుంటారు.

దర్శి_అమ్మాయి:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. పెన్నా అన్నా, మీరు చెప్పాక ఆ ల్యాబ్ పాత పేపర్లు మళ్ళీ తీసి చదివాను. 155 పూర్తిగా లేని ఎలుకలతోనే ఎక్కువ పని చేశారు, కానీ కొత్త ప్రీప్రింట్‌లో (పత్రికలో రాకముందే బయటపెట్టే పేపర్) ఒక టార్గెట్‌లో అతుక్కునే చోటు మార్చిన ఎలుక కనిపించింది. అది నాకు ఇస్తారా, వేరేవాళ్ళ చేతిలో ఉందా అని అడగొచ్చా? అడిగితే ఏమైనా అనుకుంటారేమో.

డాక్టర్ గారూ, నేను హైదరాబాద్ ప్రాజెక్టు వివరాలు కనుక్కున్నాను. మచ్చలున్న వాళ్ళని ఫాలో అవ్వడం ప్రస్తుతానికి లేదట, కేన్సర్ వాళ్ళు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, అంతే. అది విన్నాక మనసు అమెరికా వైపే మొగ్గింది. కానీ మా ఊళ్ళ జబ్బు మీద పని చేయాలన్న ఆశ పోలేదు.

పెన్నా_గట్టు:

అడుగు, తప్పకుండా అడుగు. ఆ ఎలుక చేసిన మనిషి ఇంకా ల్యాబ్‌లోనే ఉన్నారా, వెళ్ళేటప్పుడు ప్రాజెక్టుని తనతో తీసుకెళ్తారా, మొదటి పేపర్‌లో నీ పేరు ఎక్కడుంటుంది, ఇవన్నీ వెళ్ళకముందే తేలాల్సినవి. మంచి గైడ్ అయితే ఈ ప్రశ్నలకి సంతోషిస్తారు, చిరాకు పడితే అదే నీకు జవాబు. ఇంకోటి, ఎలుకలు ఇప్పుడు పుట్టి ఉన్నాయా, లేక ఇంకా కలిపి పెంచాలా అడుగు. రెండు మూడు మార్పులున్న ఎలుకని తయారు చేసుకోవడానికే ఏడాది పోతుంది, అందుకని ఆ ఏడాదిలో చేతిలో వేరే పని ఉండేటట్టు చూసుకో. మనుషుల కణితుల్లోంచి తీసిన టీ సెల్స్ మీద ఒక చిన్న భాగం పెట్టమని కూడా అడుగు. తల, మెడ కేన్సర్ల శాంపిల్స్ అక్కడి ఆసుపత్రిలో దొరుకుతాయి, నోటి కేన్సర్ ఆశ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

దర్శి_అమ్మాయి:

ఇది నాకు తట్టలేదన్నా, అదే అడుగుతాను. డాక్టర్ గారూ, ఆఖరి ప్రశ్న. రేపు ఎప్పుడైనా మన జిల్లాల నుంచి శాంపిల్స్ తీయాల్సి వస్తే, రక్తకణాలు పగిలాయో లేదో కంటితో కాకుండా ఎట్లా తేల్చాలి?

స్లైడ్_గ్లాస్_కావలి:

రెండు పద్ధతులు వాడండి. ప్లాస్మాని స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 414 నానోమీటర్ల దగ్గర చూస్తే హీమోగ్లోబిన్ ఉంటే అక్కడ శిఖరం లేస్తుంది, ప్రతి ట్యూబుకీ చూసి రాసుకోవాలి. తర్వాత పీసీఆర్‌లో మిర్-23ఏ సీక్యూ విలువ (ఎన్ని పీసీఆర్ సైకిల్స్‌కి కనపడిందో చెప్పే అంకె) లోంచి మిర్-451 విలువ తీసేయండి, తేడా 7 దాటిందంటే ఆ శాంపిల్ అనుమానమే, పక్కన పెట్టేయండి. ప్లేట్‌లెట్లు మిగలకుండా ప్లాస్మాని రెండుసార్లు తిప్పాలి, వాటిలోనూ మైక్రోఆర్ఎన్ఏలు చాలా ఉంటాయి. రక్తం తీసిన గంట రెండు గంటల్లోపే ఆ ఊరి దగ్గరే తిప్పి ప్లాస్మా వేరు చేసి చల్లగా పంపాలి, దర్శి నుంచి ట్యూబుల్ని అట్లాగే బస్సులో పంపిస్తే కుదరదు. పీహెచ్‌సీలో చిన్న సెంట్రిఫ్యూజ్ ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే శాంపిల్ తీసే రోజు వెంట తీసుకెళ్ళండి. ఆ పని మొదలుపెట్టే రోజు వస్తే ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి, పాథాలజీ వైపు పని నేను చూసుకుంటాను.